పైన నివాసము, క్రింద వ్యాపారము

క్రింద అంగడియు, పైన ఇల్లును గల కట్టడము మానవునికి చిరపరిచితమైనది. రోమునగర సమీపమున ఓస్టియా రేవుపట్టణపు శిథిలములలో, అనేక కుటుంబములు కాపురమున్న బహుళ అంతస్తుల ఇండ్ల క్రింద, వీథి వైపునకు తెరచుకొనియున్న దుకాణములును భోజనశాలలును నేటికిని కానవచ్చుచున్నవి. విజయవాడ వన్‌టౌనులోనైనను, రాజమహేంద్రవరపు పాత బజారులోనైనను, పగలెల్ల త్రాసు పట్టి కూర్చుండిన వర్తకుడు రాత్రి ఆ కొట్టు మీది మేడయందే నిద్రించుట తరతరములుగా సాగివచ్చిన జీవితము. అట్టి యింట అంగడి చప్పుడును, దాని వాసనయు ఆ యింటివారివే. లాభము వారిదే, అసౌకర్యమును వారిదే. కాని నగరమధ్యమున నలువది, అరువది, నూరు అంతస్తుల యెత్తునకు లేచు నేటి నివాససౌధమునందు ఈ సామరస్యము తనంత తాను సిద్ధింపదు. క్రింద పొయ్యి వెలిగించువాడొకడు, ఆ స్థలమును అద్దెకిచ్చినవాడు వేరొకడు, ఆ పొగ పోవలసిన దారి పొడవున నిద్రించు కుటుంబములు వందలకొలది. అందుచేత ఇట్టి సౌధములో హోటలుకు గాని, ఆఫీసుకు గాని స్థలమును లీజుకిచ్చుట యజమానికిని అద్దెదారునికిని మధ్య మాత్రమే జరుగు వ్యవహారము కాదనియు, సంతకము చేయకున్నను ఆ పత్రమున మూడవ పక్షముగా నిలువదగినవాడు పైన నివసించు గృహస్థుడనియు నా దృఢవిశ్వాసము.

ఇరువదవ శతాబ్ది పూర్వార్ధమున అమెరికా నగరములు ఈ చిక్కునకు ఒక సులభమైన పరిష్కారమును కనుగొన్నవి. ఏ ప్రాంతమున ఏ విధమైన కట్టడముండవలెనో నిర్ణయించు శాసనమును న్యూయార్కు 1916లోను, షికాగో 1923లోను చేసికొన్నవి. ఒహాయో రాష్ట్రమునందలి యూక్లిడ్ గ్రామమునకు సంబంధించిన వ్యాజ్యములో 1926లో అమెరికా సర్వోన్నత న్యాయస్థానము అట్టి శాసనములు రాజ్యాంగసమ్మతములేయని తీర్పు చెప్పిన పిమ్మట, ఇల్లొక చోట, వ్యాపారము వేరొక చోట, కర్మాగారము మరియొక చోట నుండవలెనను నియమము దేశమంతట వ్యాపించెను. కర్మాగారపు మసినుండి గృహములను కాపాడుటలో ఆ నియమము గొప్ప మేలే చేసినది. కాని దానితోపాటు, ఉదయమున లక్షలమందితో కిటకిటలాడి సాయంకాలమునకు నిర్మానుష్యమగు నగరకేంద్రములును ఏర్పడినవి. జేన్ జేకబ్స్ 1961లో ప్రకటించిన తన ప్రసిద్ధగ్రంథములో ఈ దుస్థితిని విశదముగా చర్చించినది. కార్యాలయములు మాత్రమే యున్న పేటలో మధ్యాహ్నపు రెండు మూడు గంటలు తప్ప భోజనశాలకు గిరాకి యుండదనియు, ఆ కొద్ది గంటల అమ్మకముతో దినమంతటి ఖర్చును గడపుకొనలేక మంచి భోజనశాలలు మూతపడుననియు, వేర్వేరు వేళలందు వేర్వేరు పనులపై సంచరించు జనమున్నపుడే వీథి సజీవముగానుండుననియు ఆమె వాదించినది. హోటలు నడుపువారెవరైనను ఈ మాటను అనుభవపూర్వకముగా అంగీకరింతురు. పగలు ఆఫీసువారును, రాత్రి కాపురమున్నవారును, సెలవుదినములలో కుటుంబములును వచ్చుచున్నపుడే ఒక్కొక్క బల్లయు దినమునకు పలుమార్లు నిండును.

ఈ సత్యమును కట్టడరూపమున నిరూపించిన తొలి మహాప్రయత్నములలో షికాగో నదీతీరమునందలి మెరీనా సిటీ అగ్రగణ్యమైనది. దానికి ధనమును సమకూర్చుటకు పూనుకొన్నది ఏ కోటీశ్వరుడో కాదు. భవనములలో ఊడ్చి తుడుచు పనివారును, లిఫ్టులు నడుపువారును సభ్యులుగా గల కార్మికసంఘము. మధ్యతరగతి కుటుంబములు నగరకేంద్రమును విడిచి శివారులకు తరలిపోవుచుండగా, తమవారికి పని కల్పించు భవనములే కరవగునని ఆ సంఘనాయకుడు విలియం మెక్‌ఫెట్రిజ్ గ్రహించి, జనమును మరల నగరములోనికి రప్పించు కట్టడమునకు పూనుకొనెను. వాస్తుశిల్పి బెర్ట్రండ్ గోల్డ్‌బర్గ్. 1960లో పని ప్రారంభమై, 1962 నాటికి తొలి నివాసులు ప్రవేశించిరి. మొక్కజొన్న కంకులవలె కనబడు ఆ జంటగోపురములు ఒక్కొక్కటి 65 అంతస్తులు, 587 అడుగులు; ఆనాటికి ప్రపంచమున అంతటి యెత్తైన కాంక్రీటు సౌధములు వేరు లేవు. క్రింది 19 అంతస్తులలో చుట్టలుచుట్టుకొని పైకి పోవు కార్ల నిలుపుదల, దానిపై ఇండ్లు. ఇక భోజనశాలలు, దుకాణములు, బౌలింగు క్రీడాశాల, మంచుపై జారి ఆడు మైదానము, నాటకశాల, పడవల రేవు, ఆఫీసు భవనము, ఇవన్నియు ఆ గోపురముల పాదములచెంత నొకే వేదికపై చేర్చబడినవి.

అందులోని నేర్పును పరికింపుడు. నివాసము, కార్యాలయము, వినోదము ఒకే ఆవరణలోనున్నను గోల్డ్‌బర్గ్ వానికి వేర్వేరు దేహములను కల్పించెను. ఆఫీసునకు వచ్చువాడు ఇండ్ల లిఫ్టు ఎక్కనక్కరలేదు. నాటకశాలలోని వాద్యఘోష పడకగది గోడకు తాకదు. వంటశాలకును ఇంటికిని నడుమ పందొమ్మిది అంతస్తుల వ్యవధి కలదు. ఈ ఎడబాటు వలననే, దరిమిలా కాలము తలక్రిందులైనను, ఆ కట్టడము తట్టుకొనగలిగినది. 1977లో ఇండ్లు విడివిడిగా విక్రయింపబడి ఎవరి ఇంటికి వారే యజమానులైరి. వాణిజ్యభాగము వేరు చేతులలోనికి పోయి కొంతకాలము క్షీణదశను చూచినది. మరల 1990 దశకమున నాటకశాల హౌస్ ఆఫ్ బ్లూస్ అను సంగీతశాలగా మారెను. ఆఫీసు భవనము వసతిగృహమాయెను. నదియొడ్డున భోజనశాల వెలసెను. క్రింది వ్యాపారములిన్ని మార్లు మారినను పైనున్న ఇండ్లు ఇండ్లుగనే నిలిచినవి. షికాగో నగరము 2016లో ఈ సముదాయమును చారిత్రక కట్టడముగా గుర్తించినది.

ఇదే సమస్యకు వేరొక సమాధానము అదే నగరమున 1969లో పూర్తియైన జాన్ హాన్‌కాక్ సెంటరు. ఇందు అన్నియు నొకే దేహమున, ఒకదానిపై నొకటిగా పేర్చబడినవి. ఢాకాలో జన్మించిన ఇంజనీరు ఫజ్లుర్ రహమాన్ ఖాన్, వాస్తుశిల్పి బ్రూస్ గ్రాహంతో కూడి రచించిన ఈ నూరంతస్తుల సౌధము అడుగున 265 అడుగుల పొడవు, 165 అడుగుల వెడల్పు కలిగి, పైకి పోనుపోను సన్నగిలి, శిఖరమున 165 అడుగులకు 100 అడుగులగును. ఇది కేవలము కంటికింపు గూర్చుటకు చేసినది కాదు. ఆఫీసునకు విశాలమైన తలము కావలెను. కిటికీకి దూరముగా బల్ల వేసికొన్నను దీపపు వెలుతురున పని సాగును. ఇంటికట్లు కాదు; ప్రతి గదియు వెలుతురునకు దగ్గరగా నుండవలెను. కావున వెడల్పైన క్రిందిభాగమున దుకాణములు, కార్లు, ఆఫీసులును, సన్నని పైభాగమున ఇండ్లును అమర్చబడినవి. 44వ అంతస్తున ఇండ్లవారు లిఫ్టు మారుటకొక ప్రత్యేకమైన ప్రాంగణమును, ఈతకొలనును, వెచ్చాల దుకాణమును గలవు. వీనియన్నిటిపైన 95వ అంతస్తున భోజనశాల వెలసి, కొన్ని దశాబ్దములు ఆ నగరపు శుభకార్యములకు నెలవై, తుదకు 2023లో మూతపడినది. ఆకాశమున నున్న భోజనశాలకు వీథిన పోవు బాటసారి తటాలున వచ్చి చేరడు. ప్రతి అతిథియు, ప్రతి బియ్యపుమూటయు, ప్రతి చెత్తబుట్టయు లిఫ్టులోనే రావలెను, పోవలెను. నేలమట్టపు స్థలమునకును శిఖరస్థలమునకును అద్దె నిర్ణయమున ఇంత భేదముండుటకు హేతువిదియే.

ఈ రెండు సౌధములును బోధించు పాఠమొక్కటే: లీజుపత్రములో వ్రాయదగిన వానిలో సగము భవనపు నక్షాలోనే వ్రాయబడి యుండును. ఆఫీసుకన్న హోటలు విషయమున ఇది మరింత నిజము. అమెరికాలో సామాన్యముగా పాటించు ప్రమాణముల ప్రకారము ఇంటి నేల చదరపు అడుగునకు 40 పౌనుల బరువును, ఆఫీసు నేల 50 పౌనులను, భోజనశాల నేల 100 పౌనులను మోయునట్లు కట్టవలెను. ఇండ్లకై కట్టిన అంతస్తును ఆఫీసుగా మార్చుటకు కొద్దిపాటి శ్రమ చాలును. భోజనశాలగా మార్చుటకు నేలనే బలపరుపవలసి వచ్చును.

అన్నిటికన్న కఠినమైనది పొగదారి. నూనె మరగు పొయ్యిమీది ఆవిరి జిడ్డుతో కూడియుండును. ఆ జిడ్డు గొట్టము లోపల పేరుకొని, ఒక్క నిప్పురవ్వ సోకినంతనే భగ్గున మండును. కావున ఆ గొట్టము అతుకు కారని విధముగా వెల్డింగు చేసిన ఉక్కుతో నుండవలెననియు, ఇండ్ల నడుమనుండి పోవునపుడు మంటను రెండు గంటలపాటు ఆపగల గోడలలో ఇమిడియుండవలెననియు, కప్పుపై దాని నోరు ఇతర గాలిద్వారములకు కనీసము 10 అడుగుల దూరముననుండవలెననియు, లోపల శుభ్రపరచుటకు తలుపులుండవలెననియు నిబంధనలు కలవు. నలువది అంతస్తుల సౌధమున నట్టి దారిని మొదటనే విడువకపోయినచో, ఇండ్లలో జనము చేరిన పిమ్మట త్రవ్వి తీయుట దాదాపు అసాధ్యము. పొగను విద్యుచ్ఛక్తితో వడగట్టి ప్రక్కగోడగుండా వదలు యంత్రములు లేకపోలేదు గాని, అవి ఖరీదైనవి, నిత్యము శుభ్రము చేయవలసినవి. పైగా పొగను పట్టినంత తేలికగా వాసనను పట్టలేవు. తాలింపుల ఘాటును, నూనెమూకుళ్ళను, తందూరును విడువజాలని మన వంటకు ఇది ప్రాణసమస్య. విదేశములలో హోటలు పెట్టదలచిన తెలుగువారు అద్దె యెంతయని యడుగుటకు ముందు పొగదారి యెక్కడనని యడుగవలెను. ఆ తరువాత జిడ్డునీటి తొట్టి, గ్యాసు గొట్టము, విద్యుత్తు పరిమాణము, సరకు దింపుకొను వాకిలి, చెత్త నిలువచేయు చల్లని గది. వీనిలో నేది లేకున్నను చవుకగా దొరికిన స్థలము తుదకు కడు ప్రియమగును.

ఇక పత్రమునకు వత్తము. అమెరికా వాణిజ్యలీజులలో అద్దె పలురీతుల నుండును. ఆఫీసులకు తరచుగా నిర్వహణవ్యయములు కలిసిన అద్దెను, వీథిమట్టపు దుకాణములకు హోటళ్ళకు ట్రిపుల్ నెట్ అను పద్ధతిని అనుసరింతురు. ఈ రెండవదానిలో మూలపు అద్దెకు తోడుగా ఆస్తిపన్ను, బీమా, ఉమ్మడి స్థలముల మెయింటెనెన్సు అను మూడింటిలో తన వంతును అద్దెదారుడే భరించును. నివాససౌధమున ఈ మెయింటెనెన్సు లెక్కయే తగవులకు పుట్టిల్లు. పైయిండ్లవారి ఈతకొలనుకును, వ్యాయామశాలకును, వారి లిఫ్టుల మరమ్మతుకును హోటలువాడు వంతు చెల్లింపవలెనా? న్యాయముగా చెల్లింపనక్కరలేదు, కాని ఏ ఖర్చు ఎవరి పద్దులో చేరునో పత్రమున విడమరచి వ్రాసికొననిచో చెల్లింపవలసి రావచ్చును.

భోజనశాలలకు మాత్రము అమ్మకములలో వాటాను అద్దెగా చేర్చు పద్ధతియు కలదు. ఏటి మూలపు అద్దె 1,20,000 డాలర్లనియు, వాటా నూటికి 6 అనియు అనుకొందము. 20 లక్షల డాలర్ల అమ్మకము వరకు మూలపు అద్దెయే సరిపోవును, ఏలనన ఆ మొత్తముపై నూటికి 6 సరిగా 1,20,000. అమ్మకము 25 లక్షలకు పెరిగినచో, మించిన 5 లక్షలపై 30,000 డాలర్లు అదనముగా నిచ్చుకొనవలెను. యజమాని భోజనశాల శ్రేయస్సులో భాగస్వామి యగుటచేత నిది మంచి పద్ధతియే. అయినను ఇంటికి పంపు భోజనములు, పన్నులు, పనివారి కిచ్చు ఈనాములు అమ్మకముల లెక్కలో చేరునా లేదా యనునది ముందుగనే తేల్చుకొనవలెను.

అద్దె యెన్నడు ప్రారంభమగుననునదియు అంతటి ముఖ్యవిషయమే. ఖాళీగోడల నడుమ వంటశాలను నిర్మించి, అగ్నిమాపక, ఆరోగ్యశాఖల అనుమతులు పొందుటకు నెలలు పట్టును. మద్యమమ్ము హోటలుకు లైసెన్సు మరియొక గండము. ఇల్లినాయి రాష్ట్రమున పాఠశాలకు గాని, ప్రార్థనామందిరమునకు గాని 100 అడుగులలోపల సాధారణముగా మద్యపు లైసెన్సు ఇయ్యరు. షికాగోలో ఒక చిన్న పోలింగు పరిధిలోని ఓటర్లే తమ పరిధిని మద్యరహితము చేయగలరు. పై నూరు ఇండ్లవారు ఓటర్లని జ్ఞప్తియందుంచుకొనిన హోటలుయజమాని వారితో మైత్రిని అశ్రద్ధ చేయడు. వివేకి యగు అద్దెదారుడు అనుమతులు చేతికి వచ్చిన పిమ్మటనే అద్దె మొదలగునట్లును, అవి రానిచో అడ్వాన్సు తిరిగివచ్చునట్లును షరతు వ్రాయించుకొనును.

ఆఫీసు అద్దెదారునకు ఈ గండములు లేవు గాని, అతనివి అతనికి కలవు. తాను వాడుకొను స్థలము 1,000 చదరపు అడుగులైనను, నడవలు, మెట్లు మొదలగువాని వంతు నూటికి 15 చేర్చి 1,150 అడుగులకు అద్దె కట్టవలసివచ్చును. మనదేశములో కార్పెట్ ఏరియాకును సూపర్ బిల్టప్ ఏరియాకును గల భేదము వంటిదే ఇది. సాయంకాలము ఆరు దాటినంతనే ఆఫీసుల శీతలయంత్రము నాపి, ఆపైన గంటకింతయని వసూలు చేయు భవనములు అనేకములు. సందర్శకులు అధికముగా వచ్చు వైద్యుని గదికిని, నలుగురు కూర్చుండి లెక్కలు వ్రాసికొను ఆఫీసుకును నివాసుల దృష్టిలో ఎంతో వ్యత్యాసము. కావున ఏ పనికై స్థలమిచ్చుచున్నారో ఆ పనిని పత్రములో స్పష్టముగా పేర్కొనుట ఉభయతారకము.

మరియొక రహస్యమును పెక్కురు గమనింపరు: అద్దెకిచ్చుచున్నవాడు భవనమంతటికిని యజమాని కాకపోవచ్చును. ఇల్లినాయిలో విడివిడి ఇండ్ల యాజమాన్యమును గూర్చిన చట్టము 1963లో వచ్చినది. అట్టి చట్టముల క్రింద నమోదైన మూలదస్తావేజు నివాసుల సంఘమునకు విస్తారమైన అధికారముల నిచ్చును. ఆ దస్తావేజునకు విరుద్ధముగా యజమాని లీజులో ఏమి వాగ్దానము చేసినను అది చెల్లదు. రాత్రి రెండు గంటలవరకు సంగీతము వాయింపవచ్చునని లీజులో నున్నను, పది గంటలకే ఆపవలెనని దస్తావేజులో నున్నచో, ఆగవలసినది సంగీతమే. కప్పుపై యంత్రముంచుటకు, ఇండ్ల నడుమనుండి గొట్టము తీయుటకు, అంగడిపేరు గోడకు వ్రేలాడదీయుటకు వ్యాపారభాగపు యజమానికి హక్కున్నదో లేదో ఆ దస్తావేజే చెప్పవలెను. అందుచేత లీజును చదువుటకు ముందు దానిని చదువుట అద్దెదారుని ప్రథమకర్తవ్యము.

తెలుగుదేశమునకు ఈ చర్చ దూరమైనది కాదు. హైదరాబాదునకు పశ్చిమమున కోకాపేట, నార్సింగి ప్రాంతములలో నలువది, యాభై అంతస్తుల నివాససౌధములు లేచినవి. అక్కడి కుటుంబములకు కాఫీ త్రాగుటకును, టిఫిను తినుటకును, వైద్యుని చూచుటకును కారెక్కి పోనక్కరలేని వసతి వాంఛనీయమే. మన శాసనములు ఇందుకు కొంత భూమికను సిద్ధపరచియున్నవి. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టము లీజును నిర్వచించినది. సంవత్సరమునకు మించిన లీజు 1908 నాటి చట్టము ననుసరించి రిజిస్టరు కావలెను. 15 మీటర్లకు మించిన కట్టడములకు జాతీయ భవననియమావళి ప్రత్యేకమైన అగ్నిరక్షణను విధించుచున్నది. పన్ను విషయమున హోటలుకును ఆఫీసుకును గల భేదమును వ్యాపారులు తప్పక గుర్తింపవలెను: వాణిజ్యపు అద్దెపై నూటికి 18 వంతున జీఎస్టీ పడును, ఆఫీసు నడుపు సంస్థ సాధారణముగా దానిని తన పన్నులో మినహాయించుకొనగలదు, నూటికి 5 చొప్పున పన్ను వసూలు చేయు మామూలు హోటలుకు ఆ మినహాయింపు లేనందున ఆ 18 వంతులును నిజమైన ఖర్చుగనే మిగులును.

ఇక ఆ మూడవ పక్షపువాని మాట. అతడు వ్యాపారమునకు శత్రువు కాడు. క్రింద మంచి హోటలున్న ఇంటికి విలువ పెరుగును, వీథిలో వెలుగుండును, రాత్రి ఆలస్యముగా వచ్చు ఆడుబిడ్డకు ధైర్యముండును. అతడు కోరునది స్వల్పము: తెల్లవారుజామున సరకు దింపు చప్పుడు ఉండరాదు, చెత్త మూతగల గదిలో నుండవలెను, బొద్దింకల నివారణము నెలనెల జరుగవలెను, ఫంకాల కంపము గోడలకెక్కకుండ వాని క్రింద రబ్బరు దిమ్మెలుండవలెను, వచ్చిపోవువారికి వేరు వాకిలి యుండవలెను, ఫిర్యాదు చేయుటకొక మనిషియు, దానికి జవాబు చెప్పుటకొక గడువునుండవలెను. ఇవన్నియు లీజులో షరతులుగా చేరినపుడు హోటలువానికి సైతము రక్షణయే. ఏలనన షరతులను పాటించినవానిని ఊరక వేధించుటకు ఎవరికిని అవకాశముండదు.

కనుక నిర్మాతలకు నా విన్నపమిది: నక్షా గీయునాడే ఒక పొగదారిని, ఒక సరకుల వాకిలిని, బలమైన ఒక నేలను వ్యాపారమునకై విడువుడు, ఆనాడు అందుకగు ఖర్చు తరువాతి వ్యాజ్యముల ఖర్చులో లేశము. అద్దెదారులకు: తక్కువ అద్దెకు లోబడక, మూలదస్తావేజును, పొగదారిని కన్నులార చూచిన పిమ్మటనే సంతకము చేయుడు. నివాసులకు: వ్యాపారమునే వలదని తలుపులు మూయక, ఎట్టి వ్యాపారము, ఏ వేళల, ఏ షరతులతో నుండవలెనో మొదటనే కూర్చుండి నిర్ణయింపుడు. మెరీనా సిటీలో భోజనశాలలు మారినవి, యజమానులు మారిరి, ఆఫీసు వసతిగృహమైనది. అయినను అరువది సంవత్సరములకు మించి అచట జనము కాపురము చేయుచున్నారు, క్రింద జనము భుజించుచున్నారు. శ్రద్ధతో గీసిన నక్షాయు, న్యాయముతో వ్రాసిన పత్రమును ఉన్నచోట ఈ రెండును ఒకే కప్పు క్రింద నిలుచుననుటకు ఇంతకన్న నిదర్శనము వేరొకటి కావలయునా?